ఇనుము పడకముందే

జూన్ 21, ఆదివారం

ఆరాధన అయ్యాక అందరూ లేచారు. నేను లేవలేదు. ముందున్న ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని అట్లాగే ఉన్నాను. పాస్టరమ్మ గారు చూసి, "ఏం మార్తమ్మా, నీ ప్రార్థన ఇంకా అవలేదా?" అవలేదండి అన్నాను. అబద్ధం కాదు.

తుంటి దగ్గర మొదలై ఎడమ కాలి బొటనవేలి దాకా — కాల్చిన తీగ లోపల దూర్చినట్టు. వంగితే తగ్గుతుంది. నిటారుగా నిలబడితే మొదలు. నారుమడిలో వంగి ఉన్నంతసేపూ ఏమీ లేదు, గట్టు మీద నడవాలంటే మాటిమాటికీ ఆగాలి. మా ఆయనకి అదే అర్థం కాదు. "పనిలో లేని నొప్పి నడకలో ఎట్టా వస్తుందే?"

నాకు మాత్రం ఎట్టా తెలుస్తుంది.

జూన్ 23

ఆర్ఎంపీ వచ్చి ఇంజెక్షన్ పొడిచాడు. "గ్యాసు మార్తమ్మా, నడుంలోకి దిగింది." సాయంత్రానికి తగ్గింది. తెల్లారేసరికి గ్యాసు మళ్లీ దిగింది.

జూన్ 26

పక్కింటి కోటేశ్వరరావు వచ్చాడు. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నడుముకి. చేలల్లో దమ్ము చేసే రోజులు, వాడు ట్రాక్టరు దిగడం లేదు.

"అక్కా, పట్టేసింది. ఒక్కసారి తొక్కు."

"దానికే బాగాలేదురా" అన్నారు మా ఆయన.

"ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి పక్కింట్లో ఉంటే నేను కంకిపాడు దాకా పోవాలా బావా?"

మా అమ్మ కడుపులోంచి తల కాకుండా కాళ్లు ముందొచ్చాయి. నేను చేసింది అంతే. ఊళ్లో పట్టేసిన నడుములన్నీ అప్పట్నుంచి నా కాళ్ల కిందికే.

చాప వేశాను. బోర్లా పడుకున్నాడు. ద్వారబంధం పట్టుకుని కుడి కాలు పెట్టి మెల్లగా బరువు వదిలాను. వాడి ఊపిరి బయటికి పోయేదాకా ఆగాలి, అప్పుడే రెండో కాలు. ఎవరూ నేర్పలేదు, అట్లా అలవాటైంది. ఎడమ కాలు పెట్టాను... పెట్టానో లేదో తెలియలేదు. కిందికి చూశాను. వీపు మీదే ఉంది. బొటనవేలి వైపు సగం పాదం కింద మనిషి ఉన్నాడా, చాప ఉందా?

"ఎడమ కాలు ఇంకాస్త గట్టిగా అక్కా" అంటున్నాడు. కళ్లతో చూస్తూ నొక్కాను.

లేచి వంగి చూపించాడు. "ఎవరన్నా ఏమన్నా అనుకోనీ, నీ కాలు నీ కాలే."

మా ఆయనకి చెప్పలేదు.

జూన్ 27

ఇంట్లో ఎవరూ లేనప్పుడు చీపురుపుల్లతో గీసి చూసుకున్నాను. కుడి పాదం జివ్వుమంది. ఎడమది — పిక్క బయటివైపు, పాదం మీద, బొటనవేలు — వేరేవాళ్ల చర్మం మీద గీసినట్టు. గట్టిగా గీశాను. ఎర్రటి చార పడింది. అయినా తెలియలేదు.

జూన్ 28

పుల్లతో మళ్లీ. అంతే.

జూలై 2

బెజవాడ. మా అమ్మాయి సునీత సెలవు పెట్టి వచ్చింది. బట్టల షాపులో సెలవంటే మాటలు కాదు. ఎమ్మారై తీయించింది. గొట్టంలోకి తోసి కదలొద్దన్నారు. దడదడ... రైస్ మిల్లు పక్కన పడుకోబెట్టినట్టు. కళ్లు తెరిస్తే ముక్కు మీదే పైకప్పు. పెట్టెలో మనిషికి ఇట్లాగే ఉంటుందా అనిపించింది. ఆ మనిషికి చప్పుడు వినపడదు, అదొక్కటే తేడా. మళ్లీ తెరవలేదు.

నాలుగో పూస ఐదో పూస మీదనుంచి ముందుకి జారిందట. నరం నలుగుతోందట. ఫిల్ము ఇచ్చిన అమ్మాయి చెప్పేసింది, టోకెన్ నంబరు చెప్పినట్టు.

జూలై 6

బందరు రోడ్డు మీద పెద్ద ఆస్పత్రి. సునీత ఫోన్లో జనం ఇచ్చిన చుక్కలు చూసి ఎంచింది. "చాలా పేరున్న డాక్టరమ్మా." నిజమే, గుమ్మం దాకా జనం.

లోపలికి పిలిచారు. డాక్టరు గారు కంప్యూటరులో నా వెన్ను చూశారు. నన్ను చూడలేదు.

"స్లిప్ అయింది. స్క్రూలు వేసి ఫిక్స్ చేసేద్దాం. వచ్చే వారం డేట్ ఉంది."

"నడుస్తుందాండీ?" అని మా ఆయన.

"మూడో రోజు నడిపిస్తాం." తర్వాత నాతో, తెర మీంచి కళ్లు తీయకుండానే, "కాలు మొద్దుబారడం ఉందా?"

"లేదండి."

ఎందుకన్నాను? ఉందంటే ఇవాళే పడుకోబెడతారేమో అనిపించింది. నోరు దానంతట అదే అంది. బయటికి వచ్చాక వెనక్కి వెళ్లి చెబుదామనుకున్నాను. అప్పటికే ఇంకొకరు లోపల కూర్చున్నారు.

బస్సులో కంకిపాడు ఆవిడ ఒకామె ఫిల్ము కవరు చూసి అడిగింది. చెప్పాను. చెప్పడమే తప్పు. "వెన్నుపూస ఆపరేషనా? మా తోడికోడలి తమ్ముడు చేయించుకున్నాడు. మంచం దిగలా." మా ఆయన కిటికీ వైపు తిరిగారు. నేను ఆమె చెప్పిందంతా విన్నాను. ఆపమనే బుద్ధి పుట్టలేదు.

జూలై 8

నిద్ర లేదు. మంచం దిగని ఆ మనిషి ఎవరో తెలియదు. ముఖం మాత్రం కనిపిస్తోంది.

జూలై 9

పాస్టర్ గారు ప్రార్థనకి వచ్చారు. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. బాగా చేశారు. కాఫీ తాగుతూ, "ఇక ఆ తొక్కుడు మానేయమ్మా. విశ్వాసులం. మూఢనమ్మకాలు మనకొద్దు."

సరేనండి అన్నాను. పోయిన వానాకాలం ఆయనే నడుం పట్టుకుని పెరటి గుమ్మం నుంచి వచ్చారు, తువ్వాలు తలమీద వేసుకుని. మా ఆయన నవ్వు ఆగక గేదెల దగ్గరికి వెళ్లిపోయారు.

జూలై 11

సునీత ఫోను. వాళ్ల షాపు యజమాని తల్లి ఇదే ఆపరేషన్ చేయించుకుందట. "ముందు ఆమెని చూద్దాం అమ్మా. డాక్టర్ల మాట తర్వాత."

ఈ పిల్లకి ఈ బుద్ధి ఎక్కడిది? నాకు తోచలేదు.

జూలై 13

ఆమె ఇంటికే వెళ్లాం, సత్యనారాయణపురం. తలుపు ఆమే తీసింది. నడిచి వచ్చి తీసింది. అదే చూస్తూ నిలబడ్డాను. కోక పక్కకి జరిపి మచ్చ చూపించింది, నడుం మధ్యలో నిలువుగా, జెర్రి పాకినట్టు.

"నొప్పి పోయిందాండీ?"

"కాల్లోది పోయింది. నడుంలోది పోయిందని అబద్ధం చెప్పనమ్మా. వానపడితే చెబుతుంది. కింద కూర్చోను. పీట మీద కూర్చుని వంట, ఇహ లేదు. బిందె ఎత్తను. మొదటి పదిహేను రోజులూ ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చా. తర్వాత ఏడవలా."

ఎన్నాళ్లు భయపడ్డారని అడగబోయి మానేశాను. వాళ్ల కోడలు కాఫీ తెచ్చింది.

అక్కణ్నుంచి ఆమె డాక్టరు దగ్గరికి, సూర్యారావుపేట. మేడ మీద చిన్న గది. మెట్లు ఎక్కడానికి నాకు పట్టిన టైము చూసే ఆయనకి సగం తెలిసి ఉంటుంది, గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

నా షుగరు కాగితాలు చూశారు. ఫిల్ము పక్కన పెట్టేశారు. "నడవండమ్మా. ఇప్పుడు మునివేళ్ల మీద. ఇప్పుడు మడమల మీద." మడమల మీద కుడి కాలు నిలబడింది. ఎడమ పాదం కాస్త లేస్తుంది, నిలవదు. టప్‌మని పడుతోంది. మళ్లీ ప్రయత్నించాను. మా ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

బల్ల మీద పడుకోబెట్టి బొటనవేలి మీద వేలు పెట్టారు. "నా వేలిని పైకి నెట్టండి." నెట్టాను. "నెట్టండి." నెడుతూనే ఉన్నాను.

తర్వాత బోర్లా. వీపు మీద చెయ్యి వేశారు. వేసి ఆగారు. నా ఊపిరి బయటికి పోయేదాకా ఆగి, అప్పుడు నొక్కారు. తల కింద పెట్టుకునే ఉన్నాను. ఈయనకి తెలుసు, అనిపించింది. ఏం తెలుసో చెప్పలేను.

"కాలు ఎప్పట్నుంచి మొద్దుబారింది?"

"ఈమధ్యే అండి."

"ఈమధ్యే అంటే? నారు పోయకముందా, పోశాకా?"

"...పోశాక. నాట్లకి ముందు."

మా ఆయన నావైపు చూశారు. నేను చూడలేదు.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీశారు. జారిన పూస, కింది పూస, మధ్యలో నరం. నరం మీద ఒత్తిడి తీసేస్తారట. రెండు పూసలకీ స్క్రూలు వేసి, రాడ్లతో కలిపి, మధ్యలో ఎముక ముక్కలు పెడతారట. "ఇనుము పట్టి ఉంచుతుందంతే. అతుక్కోవాల్సింది ఎముక. దానికి నెలలు పడుతుంది."

"మామిడి అంటు కట్టినట్టా అండీ?" అన్నారు మా ఆయన.

"అట్లాంటిదే. అంటు కట్టాక కొమ్మని ఊపుతారా?"

"ఊపమండి."

"ఈవిడనీ ఊపకండి. గడ్డి మోపు లేదు, బిందె లేదు, వంగడం లేదు. ముందు షుగరు తగ్గాలి. ఈ షుగరుతో కోస్తే పుండు మానదు, ఎముకా అతకదు."

ఉత్త నొప్పయితే ఆగొచ్చన్నారు. మందులు, వ్యాయామం, అన్నీ చూడొచ్చన్నారు. "కాల్లో బలం పోతోంది కాబట్టి ఎక్కువ ఆగితే నష్టం. ఇంకొకర్ని అడగాలనుంటే అడగండి, నేనేమీ అనుకోను. కానీ ఒకటి. మూత్రం వస్తున్నది తెలియకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, ఆ గంటకే వచ్చేయాలి. మర్నాడు కాదు."

సునీత మొహమాటపడకుండా అడిగింది, ఇట్లాంటివి మీరు తరచుగా చేస్తారా అని. చేస్తానన్నారు, బాగా రానివి కూడా ఉన్నాయన్నారు. అది వినగానే సునీత ముఖం మాడింది. నాకెందుకో గుండె బరువు కాస్త దిగింది.

"నా కాలు వస్తుందాండీ?"

"నొప్పి తగ్గుతుందని నమ్మకంగా చెప్పగలను. పాదం గురించి మాట ఇవ్వలేను. ఇంకా పోకుండా ఆపడానికే ముఖ్యంగా ఈ ఆపరేషన్."

బస్టాండులో మా ఆయన బత్తాయిలు కొన్నారు. షుగరని గుర్తొచ్చి ఆ సంచి సునీతకి ఇచ్చేశారు. ఉయ్యూరు బస్సు కదిలాక అన్నారు — "నాకు చెప్పలా."

అంతే.

జూలై 14

మూత్రానికి వెళ్లినప్పుడల్లా చూసుకుంటున్నాను. తెలుస్తోంది.

జూలై 15

తెలుస్తోంది.

జూలై 17

సునీతకి పెద్ద ఆస్పత్రే కావాలి. "అమ్మా, ఏదన్నా అయితే ఐసీయూ ఉండాలిగా." ఏదన్నా అయితే అని నా ముందే అంది, తర్వాత నాలిక కరుచుకుంది. మేడమీద డాక్టరు గారికే ఫోను చేయించాను. ఆపరేషన్ చేసేది ఆ గదిలో కాదట, వేరే ఆస్పత్రిలోనట, ఐసీయూ ఉందట.

"బాగా రానివి ఉన్నాయని ఆయనే చెబుతున్నాడమ్మా!"

"అందుకే."

ఫోను మా ఆయన తీసుకున్నారు. "మీ అమ్మ వెన్ను. మీ అమ్మ ఇష్టం." ఇంత మాట ఎప్పుడూ అనలేదు.

అన్నం మానేశాను. జొన్నరొట్టె, కూర. షుగరు మందు మార్చారు. కోస్తారని భయం, షుగరు తగ్గక కోయరేమోనని ఇంకో భయం. ఏ భయం పెద్దదో రోజుకోరకం.

జూలై 19, ఆదివారం

ఆరాధనకి వెళ్లలేదు. మంచం మీద పడుకుని మైకులో విన్నాను. పాస్టర్ గారు నా పేరు చెప్పి ప్రార్థించారు. నా పేరు మైకులో వింటే చచ్చిన మనిషి గురించి చెబుతున్నట్టు ఉంది. అయితే ఇప్పుడు ఊరంతటికీ తెలిసిపోయింది.

జూలై 21

పొద్దున్నే ఎదురింటి రాఘవమ్మ పిన్ని. కూర్చోకుండానే మొదలు.

"వెన్నులో ఇనుము పెడతారంటగా?"

"అవును పిన్నీ."

"ఇనుము పడితే గుణం పోతుందే. మంత్రసానికైనా, పాముమంత్రం వాడికైనా, ఒంట్లో ఇనుము పడితే ఇంకంతే. నా నడుం ఒక్కసారి చూసి వెళ్లు, తల్లీ."

"నాకే నడుం లేదు పిన్నీ."

"నీ నడుంతో పనేంటే? కాళ్లతో పని."

నవ్వొచ్చింది. ఇన్నాళ్లలో మొదటిసారి. ముసల్దాన్ని తొక్కలేదు, చేత్తో నూనె రాసి పంపాను. సగం సంతోషంతో వెళ్లింది. వెళ్లి ఏం చెప్పిందో...

జూలై 22

ఆమె ఏం చెప్పిందో తెలిసింది. అరుగు మీద మనుషులు. నాట్లు వేసి పట్టేసినవాళ్లు, పట్టెయ్యనివాళ్లు కూడా. కూచిపూడి నుంచి అల్లుణ్ని పిలిపించింది ఒకావిడ — వచ్చే ఏటికి కూడా పనికొస్తుందని. మా ఆయన తలుపు దగ్గర అడ్డం నిలబడ్డారు. "ఇదేమన్నా రేషన్ షాపా?"

"అయిపోతే మళ్లీ రాదు కదా ప్రకాశం!" అని ఎవరో. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి పక్కకి జరిగారు. అదీ తప్పు.

వద్దని నేనూ గట్టిగా అనలేదు. కాలు పనిచేయట్లేదని అంటే చాలు. అనలేదు. అంటే నిజమైపోతుంది. కుడి కాలు మీద బరువేసి, ఎడమది ఊరికే ఆనించి, ఇద్దర్ని తొక్కాను.

మూడో మనిషి వీరయ్య బావ. వీపు నాపరాయి బండంత. సగంలో, "అమ్మాయ్, ఎడమవైపు. అక్కడే ఉంది" అన్నాడు. ఎడమ కాలి మీదికి బరువు మార్చాను.

కాలు లేదు.

ద్వారబంధం చేతిలోంచి జారింది. ఆయన మీదే అడ్డంగా పడి చాప మీదికి దొర్లాను. లోపల ఏదో కలుక్కుమంది, ఆయనదో నాదో తెలియదు. వీరయ్య బావ చటుక్కున లేచి నిలబడ్డాడు. వంగాడు, లేచాడు. "పోయింది! ఒరే, నొప్పి పోయిందిరా!" అరుగు మీద ఒకటే నవ్వులు. "పడితే ఇంకా బాగా పనిచేస్తందిరోయ్!" నేనూ నవ్వుతున్నాను, పడుకునే.

లేవబోయాను. ఎడమ పాదం ఎత్తాను. ఎత్తాననుకున్నాను. వేళ్లు నేల మీదే ఉన్నాయి. రమ్మంటున్నాను, రావడం లేదు. నా పాదాన్ని నేను పిలుస్తుంటే అందరూ చూస్తున్నారు.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

జూలై 23

కోటేశ్వరరావు కారు మాట్లాడి తెచ్చాడు. దారంతా కాలవ పక్కన నాట్లు పూర్తయిన చేలు, అన్నీ వంగి వేసినవే.

డాక్టరు గారు పాదం పట్టుకున్నారు. "మొన్న కాస్త లేచింది. ఇవాళ లేవడం లేదు. పడ్డారా?"

"పడ్డానండి."

"ఎక్కడ్నుంచి?"

మా ఆయన నేల చూశారు. నేనే చెప్పాను. "ఒకాయన వీపు మీదినుంచండి."

నర్సు గబుక్కున అటు తిరిగింది. డాక్టరు గారు నవ్వలేదు. మొత్తం చెప్పమన్నారు. చెప్పాను. అంతా విని, "మీ వెన్నుతో మీరు వేరేవాళ్ల వెన్ను తొక్కారు" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పడ్డందుకే ఇట్లా అయిందాండీ?" అని మా ఆయన.

"నరం ముందే నలిగి ఉంది. పడ్డం మంచి చెయ్యలేదు. ఎంత దానివల్ల, ఎంత దీనివల్ల అని ఇప్పుడెవరూ చెప్పలేరు. ఇక ఆగం. షుగరు ఇక్కడే ఇన్సులిన్‌తో దించుతాం."

మూత్రం గురించి అడిగారు. తెలుస్తోందన్నాను. పరీక్ష కూడా చేశారు. "అది ఉంది. మంచిది."

అది ఉంది... ఉన్నవాటిని లెక్కపెట్టే దగ్గరికి వచ్చాం.

జూలై 24

వార్డు. కిటికీలోంచి వేరే ఆస్పత్రి కిటికీ. అక్కడా ఒకామె మంచం మీద.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి ముందే నేర్పింది. నడుం తిప్పకుండా మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒక్కసారిగా పక్కకి దొర్లాలి. "దుంగలాగా ఆంటీ." దొర్లాను. "చాలా బాగా చేశారు ఆంటీ." చంటిపిల్లకి చెప్పినట్టు. మళ్లీ చేసి చూపించాను.

మెలకువ వచ్చేసరికి ఒంటికి గొట్టాలుంటాయట: మూత్రానికొకటి, గాయంలోంచి రక్తానికొకటి. గొంతు మంట పుడుతుందట. మర్నాడో ఆ తర్వాతో నిలబెడతారట. బెల్టు. ఇంటికెళ్లాక ఎత్తు కుర్చీ, ఎత్తు మరుగుదొడ్డి. మా ఆయన వీరయ్య బావకి ఫోను చేసి మరుగుదొడ్డి సంగతి పురమాయించారు. గేదెల్ని కూడా ఆయనే చూస్తున్నాడు. పాలు తీయడానికి వాళ్లావిడ వెళ్తోందట. నా పేరు ఎత్తితే ఏడుస్తున్నాడట. అంత మనిషి.

జూలై 25

సంతకాల కాగితం. మా ఆయన పెన్ను తీశారు. "చదివి పెట్టండి" అన్నారు డాక్టరు గారు. నాకివ్వమన్నాను. పదో తరగతి చదివాను, తెలుగు చదవగలను.

చీము పట్టవచ్చు. రక్తం గడ్డకట్టవచ్చు. నరానికి దెబ్బ తగలవచ్చు. స్క్రూ వదులు కావచ్చు. ఎముక అతకకపోవచ్చు, మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇంకొకటి ఉంది. అది కూడా చదివాను.

"ఇవన్నీ జరుగుతాయని కాదమ్మా."

"తెలుసండి. జరగవని కూడా కాదు."

"కాదు" అన్నారు.

సంతకం పెట్టాను. పూర్తి పేరు.

జూలై 26, ఆదివారం

షుగరు దిగింది. రేపు పొద్దున మొదటిది నాదే.

పాస్టర్ గారు దంపతులు వచ్చారు. చాలాసేపు ప్రార్థించారు. ఆమేన్ అన్నాక పాస్టర్ గారు కదల్లేదు. "ఆ రోజు అరుగు మీదికి నేనొచ్చి ఉంటే ఆపేవాణ్ని" అన్నారు. పాస్టరమ్మ గారు ఆయన వైపు చూశారు. "వస్తే మీరూ వరసలో నిలబడేవారు" అన్నారు. గదిలో అందరం నవ్వాం. నవ్వితే కాల్లోకి తీగ.

వాళ్లు వెళ్లాక ఒక్కదాన్నే ప్రార్థించబోయాను. నీ చిత్తం అనే మాట దగ్గర ఆగిపోయాను. ఆయన చిత్తం ఏమిటో తెలియకుండా ఆ మాట ఎట్లా అనేది?

మత్తు ఇచ్చాక నేను ఎక్కడుంటాను? ఎవర్నడిగినా నవ్వుతారు. అడగలేదు.

సునీత జడ వేసింది, రెండు జడలు. మత్తులో అడ్డం రాకుండా అట్లా వేయాలట. బళ్లోకి వెళ్లేటప్పుడు నేను దానికి వేసినట్టు బిగించి వేసింది.

జూలై 29

బతికే ఉన్నాను.

తర్వాత రాస్తాను.

జూలై 30

కాల్లో తీగ లేదు. తొడలో వెతికాను, పిక్కలో వెతికాను. లేదు. ఎన్నాళ్లుగానో ఇంట్లో ఉన్న మనిషి చెప్పకుండా వెళ్లిపోయినట్టు. నడుం మాత్రం — కట్టె చీల్చి మధ్యలో గొడ్డలి అక్కడే వదిలేసినట్టు.

ముగ్గురు కలిసి దొర్లించారు. దుంగ. ఆ అమ్మాయి ముందు అంత బాగా దొర్లినదాన్ని, ఇవాళ కేక పెట్టాను.

పాదానికి ప్లాస్టిక్ అచ్చు కట్టారు, కిందికి వేలాడకుండా. దాని గురించి ఎవరూ ఏమీ అనరు. నేనూ అడగలేదు.

జూలై 31

వాకరు పట్టుకుని నిలబెట్టారు. నిలబడ్డాను. లోకం కొంచెం ఎత్తుగా ఉంది. జారిన పూసని వెనక్కి లాగారుగా, పొడుగైనట్టున్నాను. మా ఆయనతో అంటే, "ఇప్పుడేం చేస్తావే, పెళ్లి ఎప్పుడో అయిపోయింది" అన్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన వేసిన మొదటి జోకు. అని, బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చారు.

తలుపు దాకా నడిచాను. ఎడమ కాలు ఎత్తెత్తి వేయాలి, బురదలో నడిచినట్టు. అచ్చు లేకపోతే వేళ్లు ఈడ్చుకుపోతాయట.

ఆగస్టు 1

జ్వరం. చీము పట్టిందా అని అడిగాను. కాదన్నారు. మొదట్లో వస్తుందన్నారు. మధ్యాహ్నానికి దిగింది. దిగేదాకా కాగితంలో చదివిన ఆ మాటలన్నీ వరసగా వచ్చి మంచం పక్కన నిలబడ్డాయి.

ఆగస్టు 2, ఆదివారం

రౌండ్లకి డాక్టరు గారు. గాయం చూశారు, బాగుందన్నారు. ఫిల్ము చూశారు, స్క్రూలు ఉండాల్సిన చోటే ఉన్నాయన్నారు. తర్వాత పాదానికి కట్టిన అచ్చు విప్పారు. నేను వెల్లకిలా ఉన్నాను, దిండు లేదు, తల ఎత్తితే నడుం లాగేస్తుంది. నాకు కనిపించేది పైకప్పు, ఫ్యాను. మంచం చివర మా ఆయన నిలబడ్డారు.

"బొటనవేలు పైకి ఎత్తండమ్మా."

ఎత్తాను. లోపల ఎత్తాను. మెడనరాలు బిగిసేదాకా.

"మళ్లీ."

ఎత్తాను.

"కదిలింది" అన్నారు మా ఆయన. గట్టిగా, అందరికంటే ముందు. డాక్టరు గారు వేలు పట్టుకుని ఆగారు, నా ఊపిరి పోయేదాకా, ఇంకా కాసేపు. "చూద్దాం. నరం మెల్లగా కోలుకుంటుంది. నెలలు పట్టొచ్చు." ఏదో రాసుకుని పక్క మంచానికి వెళ్లారు.

మధ్యాహ్నం కుర్చీలో కూర్చోబెట్టారు. అచ్చు ఇంకా కట్టలేదు. కళ్లు కాస్త దించితే పాదం కనిపిస్తుంది. వేలు ఎత్తి చూసుకుంటే తేలిపోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఎదుటి ఆస్పత్రిలో ఆమె మంచం ఖాళీగా ఉంది. కొత్త దుప్పటి వేశారు.

మళ్లీ పడుకోబెట్టాక అడిగాను. "నిజంగా కదిలిందా?"

"కదిలింది మార్తా. చూశాగా."

నావైపు చూడలేదు. దుప్పటి సర్దుతున్నారు. సర్దిందే మళ్లీ సర్దుతున్నారు.